కొండల నగరంలో బొమ్మల సంత

మనకి సంక్రాంతికి బొమ్మల కొలువు ఎలాగో, పెరూ దేశంలోని కుస్కో నగరంలో క్రిస్మస్‌కి పశువుల పాక అలాగ. ప్రతి ఇంట్లోనూ ఉండాల్సిందే. అందులో పెట్టే బాలయేసు, గొర్రెలు, లామాలు, గడ్డి, పూలు... అన్నీ ఒకేచోట దొరుకుతాయి. అదే 'సాంతురాంతికుయ్'. ఏటా డిసెంబరు 24న ఊరి నడిమధ్యనున్న ప్లాజా దె ఆర్మాస్ కూడలిలో జరిగే సంత. అక్కడి కొండజనం మాట్లాడే కెచువా భాషలో ఆ మాటకి 'పునీతుల బొమ్మల అమ్మకం' అని అర్థం. పెరూ ప్రభుత్వం 2009లో దీన్ని జాతీయ సాంస్కృతిక వారసత్వంగా ప్రకటించింది.

వీపున సంచీ తగిలించుకుని, చేతిలో తక్కువ డబ్బుతో ప్రపంచం చుట్టే కుర్రకారుకి కుస్కో అంటే మచుపిచ్చుకి వెళ్లే దారి. ఇంకా శాయాన్ని... అని పేచీ పెట్టకుండా చెప్పాలంటే, రెండ్రోజులుండి బండెక్కేసే మజిలీ. డిసెంబరు సెలవుల్లో వచ్చేవాళ్లు మాత్రం అలా బండెక్కేస్తే చాలా పోగొట్టుకుంటారు. అసలు ఎక్కేద్దామన్నా ఆ ఊరు ఎక్కనివ్వదు!

ఊపిరి చెప్పిన మాట

కుస్కో సముద్రమట్టానికి దాదాపు 3,400 మీటర్ల ఎత్తున ఉంది. అంటే ఇంచుమించు మన కేదార్‌నాథ్ అంత ఎత్తు. కేదార్‌నాథ్‌కి కొండెక్కుతూ వెళ్తాం. ఇక్కడికేమో సముద్రం ఒడ్డునున్న లిమాలో విమానం ఎక్కితే గంటన్నరలోపే దించేస్తారు. ఒంటికి అలవాటు పడే వ్యవధే ఉండదు. కింద పీల్చే గాలితో పోలిస్తే ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ మూడోవంతు తగ్గిపోతుంది. తలనొప్పి, వికారం, నిద్రపట్టకపోవడం. పది మెట్లెక్కితే గుండె దడ. దీన్నే అక్కడ 'సొరోచె' అంటారు. వ్యాయామశాలలో కండలు పెంచిన పాతికేళ్ల కుర్రాడైనా సరే, దానికి మినహాయింపు లేదు.

మందు ఒక్కటే... నెమ్మది. మొదటిరోజు సంచీ దించి పడుకోవడం, రెండోరోజు వీధుల్లో తిరగడం, మంచినీళ్లు బాగా తాగడం, మద్యం జోలికి పోకపోవడం. తెలివైనవాళ్లు విమానం దిగగానే 2,800 మీటర్ల ఎత్తులో ఉన్న ఒయాంతాయ్‌తంబో లాంటి లోయ ఊళ్లకి దిగిపోయి, అలవాటుపడ్డాక కుస్కోకి వస్తారు. మచుపిచ్చు ఇంకా కింద, 2,430 మీటర్ల దగ్గరే ఉంది. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు బయల్దేరేముందే డాక్టర్ని అడగాలి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, మాట తడబడుతున్నా ఆలోచించకుండా కిందికి దిగిపోవాల్సిందే.

హాస్టల్లో అడుగుపెట్టగానే చేతికిచ్చేది కోకా ఆకుల టీ. కొండజనం శతాబ్దాలుగా నమలుతున్న ఆకు అది. పెరూలో చట్టబద్ధం. 'బాగుంది కదా' అని ఓ టీ పొట్లం సంచీలో వేసుకుని అమెరికాలోనో ఇండియాలోనో దిగితే మాత్రం నేరం. అమెరికాలో చదువుకుంటూ శీతకాలం సెలవులకి ఇటు వెళ్లే మన పిల్లలకి అమ్మానాన్నలు గట్టిగా చెప్పాల్సిన జాగ్రత్త ఇదొక్కటే!

బంకు మంచం, బంగాళదుంప

బ్యాక్‌ప్యాకర్ల హాస్టళ్లు ఎక్కువగా పాత స్పానిష్ ఇళ్లలో ఉంటాయి. మధ్యలో మండువా, చుట్టూ గదులు. గదికి ఆరో ఎనిమిదో బంకు మంచాలు, రైలు బెర్తుల్లా. డిసెంబరు అక్కడ వేసవే కానీ వానాకాలం కూడా. పొద్దున ఎండ, మధ్యాహ్నం జల్లు, రాత్రి వణికించే చలి. గొడుగు కన్నా వానకోటు నయం. కొండ ఇరుకు సందుల్లో గొడుగు తెరిస్తే ఎదుటివాళ్లకి కళ్లు పోతాయి.

తిండికి సాన్ పెద్రో మార్కెట్ ఉంది. బల్లల ముందు వరసగా కూర్చుంటే వేడివేడి సూప్, పళ్లరసం చవగ్గా దొరుకుతాయి. శాకాహారులు భయపడక్కర్లేదు. వేళ్లంత గింజలున్న ఉడకబెట్టిన మొక్కజొన్న కంకి, పక్కన జున్ను ముక్క, కినోవా సూప్, ఇక బంగాళదుంపలైతే ఎరుపు, ఊదా, నలుపు... ఎన్ని రకాలో! ఆలుగడ్డకి పుట్టిల్లు ఈ ఆండీస్ కొండలే మరి. మనం వడియాలు ఎండబెట్టినట్టు అక్కడివాళ్లు దుంపల్ని రాత్రి మంచులో గడ్డకట్టించి, కాళ్లతో తొక్కి నీరు తీసి, ఎండలో ఆరబెడతారు. 'చూన్యో' అంటారు. ఏళ్ల తరబడి చెడదు. రుచి సంగతి అంటారా... చప్పగా ఉంటుంది. పక్కనే ఉండే మిరపకాయ పచ్చడి 'ఆహీ' మన నాలుకని ఆదుకుంటుంది.

ఊళ్లో తిరగడానికి కాళ్లే చాలు. ఇంకా సామ్రాజ్యానికి రాజధాని ఇది. 1533లో స్పెయిన్ సేనలు పట్టుకున్నాక ఇంకా కట్టడాల పునాదుల మీదే తమ ఇళ్లు, చర్చిలు కట్టుకున్నాయి. అందుకే కింద సున్నం లేకుండా ఒకదానికొకటి అతికినట్టు పేర్చిన నల్లరాళ్లు, పైన తెల్లగోడ. హతున్ రుమియోక్ వీధిలో 12 మూలలున్న రాయి ముందు ఎప్పుడూ జనమే. 2025 ఫిబ్రవరిలో ఒకడు దాన్ని సుత్తితో కొట్టి పెచ్చులూడగొట్టాడు. కేథడ్రల్‌లో మార్కోస్ జపాతా గీసిన 'కడరా విందు' తప్పక చూడాలి. యేసు ముందు పళ్లెంలో ఉన్నది గినీపంది వేపుడు! దొరలు చెప్పిన కథని కొండ చిత్రకారుడు తన ఊరి భోజనంతో వడ్డించాడన్నమాట.

అద్దం అంగిలి, ఈక దంతం

ఇక సంత రోజు. కొండల మీది పల్లెల నుంచి కుటుంబాలకి కుటుంబాలే ముందురోజే దిగుతాయి. నాచు, గడ్డి, కొండపూలు, మూలికలు మూటగట్టుకుని వస్తారు. పిల్లలూ వెంటే. కూడలి చుట్టూ ఉన్న వసారాల్లోనే దుప్పటి కప్పుకుని ఆ చలిలో తెల్లవార్లూ గడిపేవాళ్లుంటారు. వాళ్లకి ఏడాదిలో నాలుగు డబ్బులు ఒక్కసారిగా కళ్లచూసే రోజు అదే మరి. పొగలు కక్కే పంచ్ పానీయం గిన్నెలు తెల్లవారకముందే పొయ్యెక్కుతాయి.

కళ్లన్నీ 'నిన్యో మాన్యుయెలీతో' మీదే. కుస్కోవాళ్ల బాలయేసు ఆయన. బుగ్గలు ఎర్రగా కొండపిల్లాడిలా ఉంటాడు. మేలిరకం బొమ్మకి కళ్లు గాజువి, జుట్టు నిజమైన వెంట్రుకలు, అంగిలిలో చిన్న అద్దం ముక్క, పళ్లు పక్షి ఈకల కాడతో చేసినవి. నోట్లో వెలుగు పడితే అద్దం తళుక్కుమని, పసివాడి నోరు తడిగా ఉన్నట్టే కనిపిస్తుంది. పాదంలో ముల్లు దిగి ఏడుస్తున్న మాన్యుయెలీతో ఒకడుంటాడు. గొర్రెల కాపరి పిల్లలతో ఆడుకుంటూ ముల్లు గుచ్చుకున్నాడని కథ. అమ్మలు ఆ బొమ్మనే ఎత్తుకుని ముద్దుచేస్తారు. కొన్న బాలయేసుని రాత్రి పన్నెండింటిదాకా పాకలో పెట్టరు. ఏటా కొత్త చొక్కా కుట్టించాలి కూడా. ఆ బుల్లి బట్టలమ్మే కొట్లు వేరే!

సాన్ బ్లాస్ పేట శిల్పుల పేరున్న పనితనం కూడా ఇక్కడ చూడొచ్చు. హిలారియో మెందీవిల్ మొదలుపెట్టిన పొడుగు మెడల మేరీమాత, దేవదూతల బొమ్మలు ఇప్పుడు కుస్కోకి గుర్తు. లామా మెడ చూసి ఆయనకి ఆ ఆలోచన వచ్చిందంటారు.

బేరం ఆడకపోతే మనకి కొన్నట్టుండదు. నిజమే. కానీ రాత్రంతా వసారాలో మేలుకున్న అవ్వ దగ్గర నాలుగు గడ్డికట్టల కోసం గీచిగీచి అడిగి, అదే సాయంత్రం హాస్టల్లో బీరుకి అంతకు పదింతలు పోసే కుర్రాళ్లని చూస్తే చివుక్కుమంటుంది. కొనేటప్పుడు ఒకటి మాత్రం చూసుకోవాలి. అడవి నాచుని పెకలిస్తే తిరిగి పెరగడానికి ఏళ్లు పడుతుంది. కొండవాలులో నీటిని పట్టి ఉంచేది అదే. అందుకే అటవీ అధికారులు దాని అమ్మకాన్ని అడ్డుకుంటున్నారు. దానికి బదులు చేత్తో చేసిన మట్టిబొమ్మో ఊలుబొమ్మో కొంటే అవ్వకీ నష్టం లేదు.

ఆ రోజుల్లో ఊరంతా 'చొకొలతాదా'లు. అంటే కొండపిల్లలకి వేడి చాక్లెట్ పాలు, పనెతోన్ అనే తీపిరొట్టె, ఓ బొమ్మ పంచడం. కొన్ని హాస్టళ్లూ చందాలు పోగేసి చేస్తుంటాయి. పాలు కలపడానికీ గ్లాసులందించడానికీ చేతులు కావాలి. భాష రాకపోయినా ఫర్వాలేదు.

అర్ధరాత్రి బాణసంచా మోతతో కొండలు దద్దరిల్లుతాయి. తర్వాతే ఇళ్లలో పండగ భోజనం. 25న కొట్లు చాలావరకు మూసే ఉంటాయి కాబట్టి రొట్టె, పళ్లు ముందే కొనిపెట్టుకోవాలి. అదే రోజు, కుస్కో ప్రాంతంలోనే దూరంగా ఉన్న చుంబివిల్కాస్ పల్లెల్లో 'తకనకుయ్' జరుగుతుంది. ఏడాదిపాటు దాచుకున్న తగాదాలన్నీ జనం ముందు ముష్టియుద్ధంతో తేల్చుకుని, కౌగిలించుకుని ఇంటికెళ్తారు!

మచుపిచ్చుకి టికెట్ ముందుగానే కొనాలి. రైలు ఖరీదెక్కువ. చవక దారి వ్యాన్‌లో హిద్రోఎలెక్త్రికా దాకా వెళ్లి, రైలు పట్టాల పక్కన రెండు మూడు గంటలు నడవడం. వానల్లో ఆ ఘాట్ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడుతుంటాయి. కాబట్టి డిసెంబరులో డబ్బు మిగుల్చుకోవాల్సిన చోటు అది కాదు.

డిసెంబరు 31 రాత్రి ఎక్కడ చూసినా పసుపే. పసుపు లోదుస్తులు వేసుకుంటే అదృష్టమట, కొట్లనిండా అవే. అర్ధరాత్రి గంట మోతకొకటి చొప్పున పన్నెండు ద్రాక్షపళ్లు తినడం, కూడలి చుట్టూ పరుగులు తీయడం. ఖాళీ సూట్‌కేసు లాక్కుంటూ పరిగెడితే ఏడాదంతా ప్రయాణాలే అని నమ్మకం. మన బ్యాక్‌ప్యాకర్లకి ఆ అవసరం లేదనుకోండి.

చాలామంది ఆ మర్నాడే సంచీ సర్దేస్తారు. సెలవు ఇంకో వారం ఉంటే ఒయాంతాయ్‌తంబోలో ఆగొచ్చు. జనవరి 6న అక్కడ ముగ్గురు రాజుల పండగ. పై పల్లెల జనం తమ బాలయేసుని పల్లకీలా మోసుకుంటూ కొండదారుల్లో నడిచి దిగుతారు. వాళ్ల వెంట పిల్లనగ్రోవులు, డప్పులు, ముసుగు నాట్యగాళ్లు.