మంచు దేశంలో కారుకు విశ్రాంతి

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో చలికాలం రోడ్లపై మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు తగిలితే కారు అడుగున ఇనుము తుప్పు పడుతుంది. అందుకే 1953లో అక్కడి ఫ్లింట్ పట్టణంలో పుట్టిన కార్వెట్ వంటి స్పోర్ట్స్ కార్లను చాలామంది వసంతం దాకా షెడ్డులోనే ఉంచుతారు.

పెట్టేముందు కడిగి ఆరబెడతారు, ఇంజను ఆయిలు మారుస్తారు. ఖాళీ ట్యాంకులో చెమ్మ చేరుతుంది గనుక పెట్రోలు నిండుగా పోసి, చెడకుండా మందు కలుపుతారు. చార్జి దిగిన బ్యాటరీ ఆ చలికి గడ్డకట్టి పగులుతుంది; అందుకని చార్జరుకు తగిలిస్తారు. మధ్యలో రెండు నిమిషాలు స్టార్టు చేసి ఆపడం తప్పు. ఇంజను సరిగా వేడెక్కక లోపల చెమ్మ నిలుస్తుంది.

దమ్ము పని అయ్యాక మూలనుంచే మన ట్రాక్టరుకూ వీటిలో చాలా జాగ్రత్తలు వర్తిస్తాయి. బురదతో వదిలేస్తే మళ్లీ దుక్కినాడు మొరాయిస్తుంది.