ఆకలి - హార్మోన్లు - ఔషధం

'ఆకలి రుచి ఎరుగదు' అన్నారు పెద్దలు. ఆకలి ఎంత బలవత్తరమైనదో ఈ సామెత తెలియజేస్తుంది. అయినప్పటికీ స్థూలకాయులను చూసి 'నోరు కట్టుకోలేరు' అని లోకం సులువుగా నిందిస్తుంది. ఆకలి కేవలం మనోనిగ్రహానికి సంబంధించినది కాదనీ, దానిని హార్మోన్లు నడిపిస్తాయనీ ఆధునిక విజ్ఞానశాస్త్రం నిరూపించింది.

1994లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ జన్యువును కనుగొన్నది. కొవ్వు కణాల నుండి వెలువడే లెప్టిన్, శరీరంలోని కొవ్వు నిల్వలను గురించి మెదడుకు తెలుపుతుంది. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు మసయాసు కొజిమా, కెంజి కంగావాలు ఎలుక జీర్ణాశయం నుండి గ్రెలిన్ అనే హార్మోన్‌ను వేరుచేశారు. ఇది ఆకలిని రేకెత్తిస్తుంది. భోజనానికి ముందు రక్తంలో పెరిగి, తిన్న పిదప తగ్గుతుంది. ఆహారం చిన్నప్రేగును చేరినప్పుడు జిఎల్‌పి-1 అనే మరొక హార్మోన్ వెలువడి, తృప్తి కలిగిస్తుంది. ఈ సందేశాలను మెదడులోని హైపోథలామస్ గ్రహించి ఆకలిని నియంత్రిస్తుంది.

మితాహారంతో బరువు తగ్గిన వ్యక్తి దేహంలో ఏమి జరుగుతుంది? దేహం దానిని కరవుగా భావిస్తుంది. లెప్టిన్ తగ్గుతుంది, గ్రెలిన్ పెరుగుతుంది. ఏడాది గడిచినా ఈ మార్పులు పూర్తిగా తొలగలేదని 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు వెల్లడించారు. తగ్గిన బరువు మళ్ళీ పెరగడానికి ఇది ఒక ముఖ్య కారణం.

ఈ పోరాటంలో జిఎల్‌పి-1 శాస్త్రజ్ఞులకు ఆశ కల్పించింది. కాని సహజ హార్మోన్ రక్తంలో కొద్ది నిమిషాలలోనే నశిస్తుంది. 1992లో జాన్ ఎంగ్ అనే వైద్యుడు, గిలా మాన్‌స్టర్ అనే అమెరికా ఎడారి బల్లి విషంలో, దానిని పోలి ఎక్కువసేపు నిలిచే పదార్థాన్ని గుర్తించాడు. దాని ఆధారంగా రూపొందిన మధుమేహ ఔషధం 2005లో అమెరికాలో ఆమోదం పొందింది. తరువాత వచ్చిన సెమాగ్లుటైడ్ మానవ హార్మోన్‌కే మార్పులు చేసి రూపొందించినది. వారానికొక సూదిమందు చాలు. ఇది గ్రెలిన్‌ను నేరుగా అడ్డుకోదు. తృప్తి సందేశాన్ని బలపరచి, జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది. 2021లో ప్రకటితమైన ఒక పరిశోధనలో, ఆహార, వ్యాయామ నియమాలతోపాటు 68 వారాలు దీనిని తీసుకున్నవారు సగటున దాదాపు 15 శాతం బరువు తగ్గారు. మందులేని సూదిని పొందినవారిలో ఆ తగ్గుదల 2.4 శాతం మాత్రమే.

అయితే ఔషధం మానిన ఏడాదిలోగా వారు కోల్పోయిన బరువులో సుమారు మూడింట రెండు వంతులు తిరిగి పొందారు. మందు ఆకలిని అణచి ఉంచిందే కాని దానిని నిర్మూలించలేదు. వికారం, వాంతులు వంటి దుష్ఫలితాలు కూడ ఉన్నందున, వైద్యుల పర్యవేక్షణ లేకుండా దీనిని వాడరాదు.

మందు ఆపగానే ఆకలి తిరిగి రావడం రోగి బలహీనత కాదు, అది దేహధర్మం. అందువల్ల స్థూలకాయం దీర్ఘకాలం చికిత్స అవసరమయ్యే వ్యాధి. వ్యాధిగ్రస్తునికి కావలసినది చికిత్స, సానుభూతి, పరిహాసం కాదు.