పాత సైనిక పిస్టల్ కొనొచ్చా, కాల్చొచ్చా? స్వీడన్, నార్వే రూల్స్ ఇవీ

మీరు స్టాక్‌హోమ్‌లోనో, ఓస్లోలోనో ఉద్యోగం చేస్తున్నారనుకోండి. వేలం కేటలాగ్ చూస్తుంటే రెండో ప్రపంచ యుద్ధం నాటి సైనిక పిస్టల్ ఒకటి కంటపడింది. ధర అందుబాటులోనే ఉంది. డబ్బు కట్టేసి ఇంటికి తెచ్చుకోవచ్చా?

కుదరదు. అక్కడ ముందు లైసెన్సు, తర్వాతే తుపాకీ. దరఖాస్తు చేయగానే పోలీసులు మొదట అడిగేది ‘ఎందుకు?’ అని. దాచుకోవడానికా, కాల్చడానికా? మీకు ఏ అనుమతి వస్తుందో, తూటాలు కొనొచ్చో లేదో ఆ జవాబును బట్టే తేలుతుంది. చాలామంది తడబడేది ఇక్కడే.

ఏమిటీ పిస్టళ్లు?

స్కాండినేవియా దేశాల పాత సైనిక పిస్టళ్లలో సేకర్తలు ఎక్కువగా వెతికేవి కొన్నే.

స్వీడన్ 1907లో బ్రౌనింగ్ పిస్టల్‌ను సైన్యంలోకి తీసుకుంది. దాని పేరు ఎం/07. మొదట బెల్జియం నుంచి తెప్పించుకునేవారు. మొదటి ప్రపంచ యుద్ధంతో సరఫరా ఆగిపోవడంతో 1917 నుంచి హస్క్‌వర్నా కర్మాగారం సొంతంగా తయారు చేసింది. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక జర్మనీ నుంచి రావాల్సిన వాల్టర్ పిస్టళ్లు ఆగిపోయాయి. అప్పుడు ఫిన్లాండ్‌కు చెందిన ఐమో లాటి రూపొందించిన పిస్టల్‌ను లైసెన్సు మీద తయారు చేసుకున్నారు. అదే ఎం/40.

నార్వేది మరో కథ. అమెరికా కోల్ట్ 1911 పిస్టల్‌ను లైసెన్సు తీసుకుని కాంగ్స్‌బెర్గ్ కర్మాగారంలో తయారు చేశారు. దాన్ని ఎం/1914 అంటారు. నార్వే జర్మనీ ఆక్రమణలో ఉన్నప్పుడూ ఉత్పత్తి ఆగలేదు. అయితే కార్మికులు కొందరు విడిభాగాలను టిఫిన్ డబ్బాల్లో బయటికి చేరవేసి రహస్యంగా పిస్టళ్లు బిగించారు. వాటిని ఇప్పటికీ ‘టిఫిన్ డబ్బా కోల్ట్’ అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు.

డెన్మార్క్ మొదట బెర్గ్‌మన్-బేయార్డ్ వాడింది. ఆ తర్వాత స్విట్జర్లాండ్‌కు చెందిన సిగ్ పీ210ను ఎం/49 పేరుతో తీసుకుంది.

‘వందేళ్ల పాతది కదా, లైసెన్సు ఎందుకు?’

ఎక్కువమందికి వచ్చే సందేహం ఇది. స్వీడన్ చట్టంలో పురాతన ఆయుధాలకు మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ అది 1890కి ముందు తయారై, ఇప్పటి తరహా తూటా వాడనివాటికే. పైన చెప్పిన పిస్టళ్లన్నీ 1900 తర్వాతివే. కాబట్టి తుప్పు పట్టినా, తాతగారి పెట్టెలో దొరికినా, చట్టం దృష్టిలో అవి మామూలు పిస్టళ్లే.

దాచుకోవడానికి ఒక లైసెన్సు, కాల్చడానికి మరొకటి

స్వీడన్‌లో 1996 నాటి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు ఇచ్చేది పోలీసు శాఖ. ఎవరి దగ్గర, ఏ పిస్టల్ కొంటున్నారో దరఖాస్తులో చెప్పాలి. తర్వాత రెండు దారులున్నాయి.

మొదటిది సేకరణ. ‘పాత తుపాకులంటే ఇష్టం’ అంటే సరిపోదు. మీ సేకరణ పరిధి ఏమిటో స్పష్టంగా చెప్పాలి. ‘1900 నుంచి 1950 వరకు ఉత్తర ఐరోపా సైన్యాలు వాడిన పిస్టళ్లు’ అన్నది ఒక పరిధి. ఆ పరిధిలోకి రాని తుపాకీకి అనుమతి దొరకదు. అసలు విషయం మరొకటుంది. స్వీడన్ చట్టంలో తూటాలు ఉంచుకునే హక్కు, కాల్చడం కోసం ఇచ్చిన లైసెన్సుతోనే వస్తుంది. సేకరణ కోసం తీసుకున్న పిస్టల్‌కు తూటాలు కొని ఇంట్లో పెట్టుకుంటే చిక్కుల్లో పడతారు.

రెండోది లక్ష్య షూటింగ్. దీనికి షూటింగ్ క్లబ్ సభ్యత్వం, క్రమం తప్పని సాధన, క్లబ్ ఇచ్చే ధ్రువపత్రం కావాలి.  లైసెన్సు వచ్చాక కూడా మీరు ఇంకా సాధన చేస్తున్నట్టు చూపించాల్సి రావచ్చు. స్వీడన్ పిస్టల్ షూటింగ్ పోటీల్లో సర్వీస్ పిస్టళ్లకు ప్రత్యేక విభాగం ఉంది. పాత సైనిక పిస్టల్‌ను కాల్చాలనుకునేవారికి సరైన చోటు అదే.

నార్వేలో కొత్త ఆయుధ చట్టం 2021 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. అక్కడా క్లబ్ ద్వారా వెళ్లడం, భద్రతా కోర్సు పూర్తి చేయడం తప్పనిసరి. పిస్టల్‌కు కనీస వయసు 21 ఏళ్లు. సేకర్తలకు పోలీసుల గుర్తింపు విడిగా ఉండాలి.

రెండు దేశాల్లోనూ ఇంట్లో ఆమోదం పొందిన భద్రతా బీరువా ఉండాలి. బట్టల బీరువాకు తాళం వేశామంటే ఒప్పుకోరు.

ఎందుకింత కఠినం?

2011 జులై 22న నార్వేలో 77 మందిని చంపిన వ్యక్తి, తన పిస్టల్‌ను షూటింగ్ క్లబ్ సభ్యత్వం చూపించి చట్టబద్ధంగానే సంపాదించాడు. ఫిన్లాండ్‌లో 2007లో జోకెలా, 2008లో కౌహయోకి విద్యాసంస్థల్లో కాల్పులు జరిపినవారి పిస్టళ్లకూ లైసెన్సులున్నాయి. ఆ తర్వాత ఫిన్లాండ్ పిస్టల్ లైసెన్సు నిబంధనలను బిగించింది. అందుకే క్లబ్‌లో మీతో నెలల తరబడి సాధన చేయించడం వెనక, ఆట నేర్పడంతోపాటు మీరెలాంటి మనిషో గమనించే ఉద్దేశం కూడా ఉంది.

లైసెన్సు వచ్చింది, ఇక కాల్చేయొచ్చా?

ఆగండి. కాగితం మీకు అనుమతి ఇచ్చినా, ఆ పిస్టల్ కాల్చడానికి పనికొస్తుందా అన్నది వేరే ప్రశ్న.

మొదటి ప్రమాదం తూటాతో. ‘9 ఎంఎం’ అనగానే అన్నీ ఒకటే అనుకోవద్దు. స్వీడన్ ఎం/40 వాడేది 9 ఎంఎం పారాబెలమ్, దాని కేసు పొడవు 19 మిల్లీమీటర్లు. ఎం/07 వాడేది 9 ఎంఎం బ్రౌనింగ్ లాంగ్, కేసు 20 మిల్లీమీటర్లు. డెన్మార్క్ బెర్గ్‌మన్-బేయార్డ్‌ది 23 మిల్లీమీటర్లు. పేరులో అంకె ఒకటే, తూటాలు మాత్రం మూడు రకాలు. పారాబెలమ్‌లో పీడనం బ్రౌనింగ్ లాంగ్ కన్నా బాగా ఎక్కువ. ఎం/07లో స్లైడ్‌కు లాక్ ఉండదు, దాని బరువూ స్ప్రింగూ మాత్రమే ఆ దెబ్బను ఆపాలి. తప్పు తూటా వాడితే పిస్టల్‌తోపాటు చేయి, కన్ను కూడా పోవచ్చు. పైగా అమెరికాకు అమ్ముడైన ఎం/07లలో చాలావాటిని అక్కడ సులభంగా దొరికే .380 తూటాకు మార్చేశారు. కాబట్టి పిస్టల్ పైనున్న పేరును నమ్మేయకుండా ముందు నిపుణుడికి చూపించాలి.

రెండో ప్రమాదం లోహంతో. ఎం/40 చూడటానికి ఎంతో దృఢంగా ఉంటుంది. కానీ సబ్‌మెషీన్ గన్ కోసం తయారైన అధిక పీడనపు తూటాలను ఇందులోనూ వాడటంతో చాలావాటిలో పగుళ్లు వచ్చాయి. 1980లలో స్వీడన్ సైన్యం వీటిని పక్కనపెట్టి, అంతకన్నా పాతవైన ఎం/07లను మళ్లీ బయటికి తీసింది. తర్వాత గ్లాక్ వచ్చింది. సైన్యం చేతుల్లోనే పగిలిన పిస్టల్‌తో మీరు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. లైసెన్సున్న గన్‌స్మిత్‌తో పగుళ్లు చూపించుకోండి. అలసిన స్ప్రింగులు మార్పించండి. తేలికపాటి తూటాలే వాడండి.

మూడోది విలువకు సంబంధించింది. అన్ని భాగాల మీదా ఒకే సీరియల్ నంబరు, తొలినాటి పాలిష్ ఉన్న పిస్టల్‌కే సేకర్తల్లో గిరాకీ. కాల్చేటప్పుడు స్లైడ్ పగిలితే మరొకటి వేయొచ్చు, నంబరు మాత్రం కలవదు. అందుకే అనుభవమున్నవారు నంబర్లు కలిసిన పిస్టల్‌ను బీరువాలో ఉంచి, భాగాలు కలగలిసినదాన్ని రేంజ్‌కు తీసుకెళ్తారు. రంగు వేయించడం, మెరుగు పెట్టించడం లాంటివి చేయకండి. మెరుపు వస్తుంది, విలువ పోతుంది.

అద్దె ఇంటి అటకపై దొరికితే?

ముట్టుకోవద్దు. సంచిలో వేసుకుని పోలీస్ స్టేషన్‌కు బయల్దేరొద్దు. ముందు ఫోన్ చేయండి. అత్యవసరం కాని విషయాలకు స్వీడన్ పోలీసుల నంబరు 114 14, నార్వేలో 02800, డెన్మార్క్‌లో 114. ఏం చేయాలో వాళ్లే చెబుతారు. లైసెన్సు లేని ఆయుధాలు అప్పగించేవారిపై కేసు లేకుండా స్వీడన్ కొన్నిసార్లు గడువు ప్రకటించింది. 2018లో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు అలాంటి అవకాశమే ఇచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు హైదరాబాద్‌కు తెచ్చుకోవచ్చా?

అక్కడి లైసెన్సు ఇక్కడ చెల్లదు. భారత్‌లో 1959 నాటి ఆయుధ చట్టం వర్తిస్తుంది. 2019 సవరణ తర్వాత మామూలు వ్యక్తి దగ్గర గరిష్ఠంగా 2 తుపాకులే ఉండాలి. వ్యక్తులు విదేశాల నుంచి తుపాకులు దిగుమతి చేసుకోవడం, గుర్తింపు పొందిన షూటర్లకు తప్ప, దాదాపు మూసుకుపోయిన దారి. శాశ్వతంగా నివాసం మార్చుకుని వచ్చేవారికి ఒక వెసులుబాటు ఉన్నా, అది నిషేధిత బోర్ కాని తుపాకీకే. పైగా ఇక్కడి లైసెన్సూ ఉండాలి. 9 ఎంఎం పారాబెలమ్ మన దగ్గర నిషేధిత బోర్. అంటే ఎం/40, ఎం/49 మీద ఆశ వదులుకోవాల్సిందే. చెప్పకుండా సామానులో పెట్టుకొస్తే విమానాశ్రయంలోనే కేసు.

చూడాలనే కోరిక మాత్రమే ఉంటే లైసెన్సు అక్కర్లేదు. స్టాక్‌హోమ్ సైనిక మ్యూజియం, ఓస్లోలో అకెర్‌షూస్ కోటలోని రక్షణ మ్యూజియం, కోపెన్‌హాగెన్‌లోని యుద్ధ మ్యూజియం అందరికీ తెరిచే ఉంటాయి. కాంగ్స్‌బెర్గ్ ఆయుధ కర్మాగారం చరిత్ర ఆ ఊరి గనుల మ్యూజియంలోనే చూడొచ్చు.

కొనాలనే నిర్ణయించుకుంటే, డబ్బు కట్టకముందే మూడు ప్రశ్నలకు జవాబు రాసిపెట్టుకోండి. ఇది దాచుకోవడానికా, కాల్చడానికా? దీని తూటా సరిగ్గా ఏది? నేను ఈ దేశం వదిలి వెళ్లే రోజున దీన్ని ఎవరికి అప్పగిస్తాను? మూడో ప్రశ్నకు జవాబు దొరక్కపోతే, మ్యూజియం టికెట్‌తో సరిపెట్టుకోవడమే మేలు.