ఓల్టేజీ తగ్గితే మోటారు ఎందుకు కాలుతుంది?

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో రాత్రిపూట ఏరియేటర్లు ఆగిపోతే నీటిలో ఆక్సిజన్ పడిపోయి, తెల్లారేసరికి రొయ్యలు తేలిపోతాయి. ఆ ఏరియేటర్లను తిప్పే మోటార్లు కాలడానికి లో ఓల్టేజీ ఒక పెద్ద కారణం. ఓల్టేజీ తోసే ఒత్తిడి, కరెంటు తీగలో సాగే ప్రవాహం. దీన్ని కాలువ నీటితో పోల్చి చూడొచ్చు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గోదావరి నీటి మట్టాన్ని పెంచింది. ఏ కాలువలో ఎంత నీరు పారాలో ఆ మట్టంతో పాటు కాలువ వెడల్పూ, తూములూ తేలుస్తాయి. ఇక్కడా అంతే: ఎంత కరెంటు సాగాలో ఓల్టేజీతో పాటు దానికి తగిలించిన యంత్రమూ తేలుస్తుంది.

మరి ఒత్తిడి తగ్గితే ప్రవాహమూ తగ్గాలి కదా, మోటారు వేడెక్కడమేమిటని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. పాత ఫిలమెంటు బల్బు విషయంలో జరిగేది అదే, వెలుగు మసకబారుతుంది. మోటారు అలా సర్దుకోదు. రెక్కలు నీటిని చిమ్మడానికి కావలసిన శక్తి దాదాపు తగ్గదు గనుక, 415 ఓల్టులు రావలసిన చోట 340 వస్తే ఆ లోటు పూడ్చడానికి అది ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది: కరెంటు 20 శాతం ఎక్కువైతే వైండింగులో వేడి 44 శాతం ఎక్కువ. తీగ మీది వార్నిష్ మాడేది అందుకే. స్టార్టరులోని ఓవర్‌లోడ్ రిలే కాపు కాసేది ఆంపియర్లనే; అది ట్రిప్పయినప్పుడల్లా సెట్టింగు పెంచి నడిపితే ఆ కాపలా తీసేసినట్టే.