నాణెము – నాణ్యము

నాణెము, నాణ్యము అనే మాటలు రెండూ ఒక్క ఇంటివే. నాణెమును తూచి, మోగించి, మంచిచెడ్డలు తేల్చి చెప్పేవానిని మన పూర్వులు నోటకాడన్నారు. పాత నాణెములను నేడు వేలంలో కొనేవారికి ఆ నోటకాడు ఎదుట కనబడడు. అతని స్థానంలో కేటలాగులో రెండక్షరాలు, ఒక అంకె ఉంటాయి. వానిని నమ్మి కష్టార్జితాన్ని ఒడ్డేవారు ముందుగా వాని భాష నేర్వవలసి ఉన్నది.

అమెరికా నాణెముల పరిభాషలో ‘గుడ్’ అంటే మంచిదని కాదు. బొమ్మ రూపురేఖలు తప్ప తక్కినదంతా అరిగిపోయిన నాణెమని అర్థం. డెబ్బది అంకెల కొలమానంలో దాని మెట్టు 4. ‘ఫైన్’ 12వ మెట్టు. ‘వెరీ ఫైన్’ 20తోను, ‘ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్’ 40తోను మొదలవుతాయి. చలామణిలో అరగని వానికి 60 నుండి 70 వరకు పదకొండు మెట్లు. నిఘంటువు చేతబట్టి కేటలాగు చదివే ఇంగ్లీషు పండితుడే ఇక్కడ ముందుగా బోల్తాపడతాడు!

ఈ కొలమానాన్ని విలియం హెర్బర్ట్ షెల్డన్ 1949లో, తొలినాటి అమెరికా రాగి సెంట్లపై వ్రాసిన గ్రంథంలో ప్రతిపాదించాడు. ఆనాడది ధరల లెక్క. 1వ మెట్టు సెంటు వెల ఒక డాలరైతే, 70వ మెట్టుది డెబ్బది డాలర్లన్నమాట. బజారు ఆ నిష్పత్తిని ఎన్నడో విడిచిపెట్టింది; అంకెలు మాత్రం నిలిచిపోయాయి. నేడు ఒక్క మెట్టు తేడాకు ధర రెట్టింపు కావటం, అంతకు మించటం కూడా కద్దు. షెల్డన్ అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ భాండాగారంలోని మేలైన సెంట్లను కాజేసి, వాని స్థానంలో తన నాసిరకపు సెంట్లను ఉంచాడని, అతడు మరణించిన చాలా ఏండ్లకు, 1990వ దశకంలో లోకానికి తెలిసింది. కొలబద్ద చేసినవాని చేతివాటం అది.

1986లో పి.సి.జి.ఎస్., 1987లో ఎన్.జి.సి. అనే సంస్థలు వెలసి, నాణెములను పరీక్షించి, మెట్టు నిర్ణయించి, ప్లాస్టిక్ పెట్టెలో బిగించి ఇవ్వటం ఆరంభించాయి. మేలే జరిగింది; అయినా మెట్టు అనేది తూకం వంటిది కాదు, అభిప్రాయం. పెట్టె పగులగొట్టి అదే నాణెమును మరల పంపి, పై మెట్టు సంపాదించేవారున్నారు. నాణెములకే కాక పెట్టెలకు సైతం నకిలీలు పుట్టాయి. ఇక అమ్మకందారు తానే వేసికొన్న మెట్టు సంగతి చెప్పనే అక్కరలేదు.

‘ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్ డీటెయిల్స్, క్లీన్డ్’ అని వ్రాసి ఉంటే మొదటి రెండు మాటలకే మురిసిపోరాదు. చెక్కడం ఆ స్థాయిలో మిగిలి ఉన్నా, తోమటంచేత నాణెం చెడినదని దాని భావం. మన ఇండ్లలో లక్ష్మీపూజకు విక్టోరియా రూపాయిని చింతపండుతో తళతళలాడేటట్లు తోముతారు. పూజకు అది శోభ, సేకరించేవానికి లోపం. నాణెమును దీపం క్రింద ఏటవాలుగా త్రిప్పి చూస్తే తోమిన సన్నని గీతలు బయటపడతాయి. ఛాయాచిత్రంలో అవి తరచు కనిపించవు. అందుచేత వేలానికి ముందు జరిగే ప్రదర్శనకు వెళ్లి, వస్తువును స్వయంగా చూచుకోవటం మేలు. వెళ్లలేనివారు అమ్మకపు షరతులైనా చదవాలి: సంస్థలు మెట్టు వేసిన నాణెమును, ఆ మెట్టు తప్పన్న కారణంపై తిరిగి తీసికోమని పలువురు వేలందార్లు అందులోనే వ్రాసికొంటారు. పాడిన ధరపై కొనుగోలుదారు చెల్లించవలసిన రుసుము సంగతి కూడా అక్కడే ఉంటుంది. అమెరికాలో అది సుమారు ఐదవ వంతు.