మొదట ఊపిరి, తరువాతే పేరు

పల్లెలో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే, చిన్న ఆసుపత్రులు చేతులెత్తేసిన తరువాత వినబడే మాట ఒకటే: "ఉస్మానియాకు తీసుకుపొండి". హైదరాబాదు పాతబస్తీ నుండి నయాపూల్ దాటితే మూసీ ఆవలి గట్టున ఉంది ఆ ఆసుపత్రి. ఇమ్లీబన్‌లో బస్సు దిగినవారికి కూడా దగ్గరే. అక్కడి అత్యవసర విభాగాన్ని మనవాళ్ళు నేటికీ క్యాజువాలిటీ అనే అంటారు. ఆ తలుపు దగ్గర డాక్టరుగారు ఏమి చేస్తారో, ఎందుకలా చేస్తారో తెలియక మన కుటుంబాలు కంగారుపడటం, ఒక్కోసారి తగవుకు దిగటం కద్దు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆ చోటికి పెద్ద చరిత్రే ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు అంతకు ముందున్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి నాశనమైంది. ఆవరణలోని చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది బ్రతికి బయటపడ్డారని చెబుతారు. 2020 జూలై వానలకు తరువాత కట్టిన భవనంలోకి కూడా నీళ్ళు రాగా, వార్డులను ఖాళీ చేయించారు.

ఆ పాత ఆసుపత్రి రోజుల్లో ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ ఇక్కడ ఉండేవాడు. మత్తుకిచ్చే క్లోరోఫారం మనుషులను ఎలా చంపుతుందో తేల్చడానికి 1888లోను, 1889లోను హైదరాబాదులో నిజాం ఖర్చుతో రెండు కమిషన్లు కూర్చున్నాయి. ముందు ఆగేది ఊపిరి, గుండె కాదు, కాబట్టి నాడి పట్టుకు కూర్చోక ఊపిరిని కనిపెట్టండి అన్నది లారీ వాదం. గుండె కూడా హఠాత్తుగా ఆగగలదని తరువాతి పరిశోధనలు చూపించాయి. అంటే ఆయన మాట సగమే నిజం. కాని ఆ సగం నేటికీ క్యాజువాలిటీలో పనిచేస్తూనే ఉంది.

రోగిని దించగానే డాక్టరు మొదట చూసేది గొంతులో గాలి ఆడుతున్నదా, ఊపిరి సరిగా ఉన్నదా, రక్తప్రసరణ నిలిచి ఉన్నదా అన్న మూడే. రోగం పేరు తరువాత. మనిషి పేరు ఇంకా తరువాత. వరుస కూడా అలాగే. చెయ్యి విరిగి, నొప్పితో కేకలు వేస్తున్న మీ అబ్బాయిని గంటసేపు కూర్చోబెట్టి, ఇప్పుడే వచ్చిన ఒక ముసలాయనను లోపలికి తీసుకుపోవచ్చు. మీకు కోపం రావడం సహజం. అయితే కేకలు వేసే బిడ్డకు ఊపిరి ఆడుతున్నట్టే. చప్పుడు లేని మనిషిని చూసి డాక్టరు ఎక్కువ భయపడతారు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. చేనికి కొట్టే పురుగుమందు త్రాగినవారిని తెచ్చి, "కడుపునొప్పి డాక్టరుగారూ" అనే కుటుంబాలున్నాయి. పరువు భయం ఒకటి, పోలీసు భయం ఒకటి. పురుగుమందుల్లో అనేకం ఊపిరితిత్తులను ద్రవంతో నింపి, శ్వాస తీసే కండరాలను సడలిస్తాయి. వీటికి అట్రోపిన్ అనే మందును, ఊపిరితిత్తులు తేటపడేదాకా, మళ్ళీమళ్ళీ ఎక్కిస్తారు. అసలు సంగతి దాస్తే ఆ మందు ఆలస్యమవుతుంది. కనుక ఖాళీ సీసా అయినా సరే సంచిలో వేసుకుని రండి. తడిసిన బట్టలు విప్పి ఒళ్ళు కడగండి. ఉప్పునీళ్ళు పట్టి వాంతి చేయించవద్దు.

పోలీసులకు కబురు పంపడం ఆసుపత్రి పద్ధతే, కాదనలేము. కాని దానికోసం చికిత్స ఆగరాదని సుప్రీంకోర్టు 1989లోనే తీర్పు చెప్పింది. ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన మనోవేదనలో ఉన్నట్టు భావించాలి, శిక్షించరాదు అన్నది 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం. 2024 జూలై 1న పాత శిక్షాస్మృతి పోవడంతో దానిలోని 309వ సెక్షను కూడా పోయింది. ఇంకా దాచడం ఎందుకు?

రోడ్డు ప్రమాదంలో పడినవానిని తెచ్చిన పరాయివారికీ రక్షణ ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఏ సెక్షను ప్రకారం మీ పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు, మీపై కేసు పెట్టకూడదు. ఇంగ్లీషు చట్టంలో అలాంటి మనిషిని మంచి సమరయుడు అనే పేర్కొన్నారు. మనకు చిన్ననాటి నుండి తెలిసిన పేరే!

పాము కరిచినా ఇదే మాట. గాటు పెట్టడం, నోటితో పీల్చడం, బిగించి కట్టడం మానండి. కాలు కదలకుండా కర్ర ఊతమిచ్చి తీసుకురండి. పామును చంపి తేనక్కరలేదు. నాగు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ ఒకే విరుగుడు సూది ఉంది. గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. అది గడ్డకట్టకపోతే విషం రక్తంలో పనిచేస్తున్నదని అర్థం. డాక్టరు ఊరకే నిలబడి గడియారం చూస్తున్నారని అప్పుడు అనుకోవద్దు.

108 బండి వచ్చినప్పుడు రోగితో ఎవరు ఎక్కాలన్నది కూడా ఆలోచించండి. పదిమంది బంధువులకన్నా సంగతి కళ్ళారా చూసిన ఒక్క మనిషి నయం. ఎన్ని గంటలకు జరిగింది, ఏమి త్రాగారు, ఇంతకు ముందు ఏ మందులు వాడుతున్నారు అన్నవి చెప్పగలవాడై ఉండాలి. పొరుగింటి కుర్రవాడైనా ఫరవాలేదు.