మసి వెలిగే ఆకాశం

మీనరాశిలో, మామూలు కంటికి అందనంత మసకగా, ఎం74 అనే గెలాక్సీ తిరుగుతోంది. దూరం 3 కోట్ల 20 లక్షల కాంతి సంవత్సరాలు. చిన్న టెలిస్కోపుకు చిక్కీ చిక్కనట్టుంటుంది కాబట్టే దానికి ఫాంటమ్ గెలాక్సీ అని పేరు. కనిపించే వెలుగులో అదొక పాలతెలుపు సుడి: చేతుల పొడవునా లేత నీలి తారల గుంపులు, వాటి నడుమ కాటుక తీర్చినట్టు నల్లటి ధూళి చారలు.

అదే సుడిని జేమ్స్ వెబ్ టెలిస్కోపు పరారుణ కాంతిలో చూసింది. తారల మెరుపు తగ్గిపోయింది. ఆ నల్లటి చారలే భగ్గున వెలిగాయి! రాగి ఎరుపు, కాషాయం, కాగిన నారింజ వన్నెల్లో పోగులు పోగులుగా, పాయలు పాయలుగా, గెలాక్సీ ఒంటినిండా అల్లుకున్న జిలుగు వల. ఆ వలలో ఎక్కడ చూసినా గుండ్రటి ఖాళీలు. కొత్తగా పుట్టిన భారీ నక్షత్రాల ధాటికి వాయువు పక్కకు తోసుకుపోగా ఏర్పడిన మహా బుడగలవి. రంగులు శాస్త్రవేత్తలు అద్దినవే అయినా, ఆ వెలుగు నిజంగా అక్కడిదే. అందులో ఎక్కువ భాగం మసిది.

అవును, మసిదే. లాంతరు చిమ్నీకి పట్టే మసిలో, కట్టెల పొయ్యి పొగలో ఉండే అణువుల జాతే ఇది. ఆరు మూలల వలయాలుగా ఒకదానికొకటి అతుక్కున్న కర్బన పరమాణువులు, అంచుల వెంట హైడ్రోజన్. పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు అని వీటికి పొడుగాటి పేరు. గడ్డకట్టించే చీకటిలో తేలిపోతున్న అలాంటి ఒక అతి సన్నని అణువు రేకును, ఏ పడుచు నక్షత్రం నుంచో వచ్చిన ఒక్కటంటే ఒక్క అతినీలలోహిత కాంతికణం తాకుతుంది. క్షణంలో రేకు వెయ్యి డిగ్రీల దాకా కాగిపోతుంది. వణుకుతుంది, సాగుతుంది, వంగుతుంది. ఆ వేడినంతా పరారుణ కాంతిగా వెదజల్లి మళ్లీ చల్లబడుతుంది. 3.3, 6.2, 7.7, 8.6, 11.3 మైక్రాన్లు... ఒక్కో కదలికకు ఒక్కో తరంగం. 1970లలో ఈ వెలుగులు కనబడ్డప్పుడు వాటి మూలం ఎవరికీ అంతుపట్టలేదు. మరో పదేళ్లకు గానీ చూపు మసి వైపు మళ్లలేదు.

ఇక అన్నిటికన్నా నన్ను విస్మయపరిచేది దక్షిణాకాశంలోని ఎస్‌పీటీ0418-47 అనే గెలాక్సీ. దాని వెలుగు 1200 కోట్ల ఏళ్లకు పైగా ప్రయాణించి మనను చేరింది. అది బయల్దేరేనాటికి సూర్యుడు లేడు, భూమి లేదు; విశ్వానికే ఇంకా 150 కోట్ల ఏళ్లు నిండలేదు. దారిలో అడ్డు నిలిచిన మరో గెలాక్సీ తన గురుత్వంతో ఆ వెలుగును వంచి, ఎర్రని ఉంగరంలా చుట్టింది. 3.3 మైక్రాన్లుగా మొదలైన తరంగం, విస్తరించే విశ్వంతో పాటు సాగి సాగి, 17 మైక్రాన్లు దాటింది. 2023లో ఆ ఉంగరంలో వెబ్ పట్టుకున్నది ఈ మసి జాడనే. నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా, అక్కడ ఆ లెక్క కుదరలేదు. కొన్నిచోట్ల నక్షత్రాలు పుట్టకుండానే పొగ దట్టంగా ఉంది. కొన్నిచోట్ల నక్షత్రాలు ముమ్మరంగా పుడుతున్నా పొగ పలచగానే ఉంది.